భరణమా? భాగమా?

కోర్టు తీర్పుతో సాహిత్య విమర్శకునికి ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. తీర్పు కూడా ఒక రచనే. అందులో పాత్రలున్నాయి, కథ వున్నది, చెప్పేవాని దృక్పథం వున్నది. చెప్పినదానికంటె చెప్పకుండా విడిచిన దానిలోనే ఆ దృక్పథం ఎక్కువగా బయటపడుతుంది. ఒక నవలలో పాలేరు పాత్ర ఎందుకు నోరు విప్పదని మనం అడుగుతాము. విడాకుల దావాలో భార్యకు భరణం నిర్ణయించే తీర్పును ముందు పెట్టుకుని అదే తీరున అడగవలసి వున్నది: ఈ కథలో ఈమె చేసిన పని ఎక్కడ?

ఈ ప్రశ్న నాకు పుస్తకాలు చదివి తట్టలేదు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు తన తల్లి దావా కాగితాలు తెచ్చి అర్థం చెప్పమన్నాడు. తండ్రి దాఖలు చేసిన కౌంటరులో ఒక పేరా ఇది: భార్య కేవలం గృహిణి, వ్యవసాయంతో ఆమెకు సంబంధం లేదు, భూమి నా తండ్రి పేరున వున్నది, నేను కౌలుకు మిరప వేసి అప్పులపాలయ్యాను. మరొక పేజీ తిప్పితే ఇంకొక పేరా: పిటిషనరు రోజూ మిరపకోతకు పోయి కూలి సంపాదిస్తున్నది గనుక తనను తాను పోషించుకోగలదు, భరణం అవసరం లేదు.

కుర్రవాడు మండిపడ్డాడు. "మా అమ్మ నారు పోసింది, నాటింది, కలుపు తీసింది, కాయ కోసింది, కల్లంలో ఆరబోసి రాత్రిళ్ళు కాపలా పడుకుంది. సంబంధం లేదని ఎట్లా రాస్తాడు సార్?" అన్నాడు. అబద్ధం రాశాడని అతని కోపం. నాకు అంతకంటె పెద్ద విషయమే కనిపించింది. మన ఇంగితానికి పరస్పర విరుద్ధంగా తోచే ఆ రెండు పేరాలూ చట్టం లెక్కలో ఒకదాని పక్కన ఒకటి హాయిగా ఇమిడిపోతున్నాయి. సొంత చేలో ఆమె చేసింది పని కాదు. పరాయి చేలో చేసింది మాత్రం ఆదాయం. మొదటిది ఆమె హక్కును పెంచదు, రెండవది ఆమె భరణాన్ని తగ్గిస్తుంది. ఈ అన్యాయం ఏ ఒక్క న్యాయమూర్తి మనసులోనో పుట్టినది కాదు. భరణం అనే భావన నిర్మాణంలోనే వున్నది. దాన్ని చూపటమే ఈ వ్యాసం పని.

1

కోర్టులు భరణాన్ని ఎట్లా నిర్ణయిస్తాయో ముందు క్లుప్తంగా చెప్పుకుందాము. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. దాని 24వ సెక్షను కింద దావా నడిచేంత కాలం భత్యము, ఖర్చులూ కోరవచ్చు. 25వ సెక్షను కింద విడాకుల తర్వాత శాశ్వత భరణం కోరవచ్చు. భర్త కూడా కోరవచ్చు గాని ఆచరణలో కోరవలసి వచ్చేది ఎక్కువగా భార్యే. కాపురం రద్దు కాకుండానే వేరుగా వుంటున్న భార్యకు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం వున్నది. వీటితోపాటు అన్ని మతాలవారికీ వర్తించే మెజిస్ట్రేటు కోర్టు దారి ఒకటి వున్నది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో అది 488, 1973 కోడులో 125, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 144. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా ఈ దారి తెరిచే వున్నదని 2024 జులై 10న సుప్రీంకోర్టు తేల్చింది తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే.

మెజిస్ట్రేటు ఇవ్వగల నెల భత్యానికి 1955లో అయిదు వందల రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆ పరిమితి 2001 దాకా పోలేదు. నలభైఆరేళ్ళలో పత్తి ధర మారింది, కూలిరేటు మారింది, బియ్యం ధర మారింది. భార్య కడుపు ఖరీదు మాత్రం కాగితం మీద మారలేదు!

మొత్తం ఎంత అన్నదానికి చట్టం గుణింతం చెప్పదు. ఇద్దరి ఆదాయం, ఆస్తి, ప్రవర్తన, ఇతర పరిస్థితులు చూడమంటుంది. భర్త నికర జీతంలో నాలుగోవంతు సమంజసమని సుప్రీంకోర్టు 1970లో ఒక కేసులో అన్నది, 2017లో దాన్నే కొలబద్దగా మళ్ళీ తీసుకున్నది. కొంత సంపాదన వున్నంత మాత్రాన భార్య దరఖాస్తు కొట్టివేయరాదని 2007లో చెప్పింది. ఒంట్లో శక్తి వున్న మగవాడు ఆదాయం లేదని తప్పించుకోరాదని, ఒళ్ళువంచి అయినా సంపాదించి పోషించాలని 2022లో చెప్పింది. ఇవన్నీ మంచి మాటలే. స్త్రీలు కోర్టుల వెంట ఏళ్ళ తరబడి తిరిగి గెలుచుకున్న మాటలు కూడా.

వీటిలో ముఖ్యమైనది 2020 నవంబరు 4న రజనీష్ - నేహా కేసులో ఇచ్చిన తీర్పు. ఉభయపక్షాలూ ఆస్తులు, అప్పులు వివరిస్తూ ప్రమాణ పత్రాలు దాఖలు చెయ్యాలని, భరణం దరఖాస్తు పెట్టిన నాటి నుంచే లెక్కకట్టాలని ఆ తీర్పు నిర్దేశించింది. జీతగాళ్ళకు ఒక నమూనా, వ్యవసాయదారులకు వేరొక నమూనా జోడించింది. రైతు ఆదాయం జీతపు చీటీలో దొరకదని దేశపు అత్యున్నత న్యాయస్థానం గుర్తించింది. ఇది ముందడుగు అనటంలో సందేహం లేదు.

ఐతే ఆ వ్యవసాయ నమూనాను మిరపచేను తెలిసినవాడు చదివితే ఏమి కనిపిస్తుంది? భూమి ఎంత, మాగాణియా మెట్టా, ఏ పంటలు, కౌలుకు తీసుకున్నది ఎంత, గత మూడేళ్ళ ఆదాయం ఎంత, పశువులెన్ని, అప్పులెన్ని - అన్నీ అడుగుతుంది. ఆ పంట ఎవరి చేతుల మీదుగా ఇంటికి వచ్చిందో అడిగే గడి మాత్రం అందులో కనిపించదు. భూమికి గడి వున్నది, గేదెకు గడి వున్నది. మనిషి శ్రమకు లేదు.

2

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో ఈ లోపం ఎంత పెద్దదో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. అరకకు, మందు పిచికారీకి, యార్డుకు సరుకు తోలటానికి మగవాడు. తక్కిన పంట బరువంతా దాదాపు ఆడదాని నడుము మీదే. పత్తి తీతా ఆమెదే, మిరప కోతా ఆమెదే. తాలుకాయ ఏరి వేరు చేసేది ఆమె. మబ్బు పడితే పట్టాలు కప్పటానికి కల్లానికి పరుగెత్తేది ఆమె. అదే పనికి కర్నూలు పడమటి ఊళ్ళ నుంచి సంసారాలతో సహా వలస వచ్చే కూలీలకు రోజుకు ఇంత అని లెక్క వుంటుంది. చేనుగలవాని భార్యకు ఆ లెక్క లేదు. ఆమె కోసినందువల్ల మిగిలిన కూలి డబ్బులు టిక్కీలలోకి ఎక్కి గుంటూరు మిర్చి యార్డుకు పోతాయి. అక్కడ కమిషన్ వ్యాపారి రాసిచ్చే పట్టీ మీద పేరు భర్తది. పట్టాదారు పాసు పుస్తకం మీద పేరు భర్తది, లేదా అతని తండ్రిది. 2019 చట్టం కింద కౌలుదారుకు కార్డు ఇస్తే, ఆ కార్డు మీద పేరూ సాధారణంగా భర్తదే.

కోర్టు కాగితాన్ని నమ్ముతుంది. నమ్మక ఏమి చేస్తుంది? కాగితం మీద లేని శ్రమ కోర్టులో పుట్టని బిడ్డ వంటిది.

ఇంకొక విచిత్రం. పుట్టింటి నుంచి ఆమె తెచ్చిన బంగారం ఆమె స్త్రీధనమని, అది పూర్తిగా ఆమె సొత్తేనని 1985లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. రుజువు చేసుకోగలిగితే తిరిగి వస్తుంది. పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం ఆమె పేరున వుంటే అదీ దక్కుతుంది. అంటే తండ్రి ఇచ్చినదానికి లెక్క వున్నది. తన చేతులతో ఆమె సృష్టించినదానికి లెక్క లేదు. తెచ్చింది ఆమెది, చేసింది భర్తది!

3

ఈ లెక్క వెనుక వున్న ఆలోచన మాటలలోనే బయటపడుతుంది. భర్త, భార్య, భరణం - మూడూ సంస్కృతంలో 'భృ' అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. భరించేవాడు భర్త, భరింపదగినది భార్య, ఆ భరించటం భరణం. కాని అదే ధాతువు నుంచి 'భృతి' కూడా వచ్చింది. భృతి అంటే కూలి, జీతం. పోషణ అనే అర్థమూ, చేసిన పనికి ప్రతిఫలం అనే అర్థమూ ఒకే ధాతువులో వున్నాయి. మన న్యాయశాస్త్రం మొదటిదాన్ని తీసుకుని రెండవదాన్ని విడిచిపెట్టింది.

వృద్ధులైన తల్లిదండ్రులను, సాధ్వి అయిన భార్యను, పసిబిడ్డను నూరు చేయరాని పనులు చేసి అయినా పోషించాలని మనువు పేరున ఒక శ్లోకం ప్రచారంలో వున్నది. ఈ జాబితా చూడండి. పని చేయలేని ముసలివాళ్ళు, పని చేయలేని పసివాడు, వాళ్ళ నడుమ భార్య. తెల్లవారుజామున లేచి పొద్దుగూకేదాకా చాకిరీ చేసే మనిషిని పని చేయలేనివారి వరుసలో కూర్చోబెట్టటమే ఈ భావన అసలు రహస్యం. పైగా 'సాధ్వి' అనే షరతు ఒకటి. ఆ షరతు శ్లోకంతో పోలేదు. నేటి 144వ సెక్షను కూడా భార్యను, పిల్లలను, తల్లిదండ్రులను ఒకే జాబితాలో చేరుస్తుంది. జారత్వంలో జీవిస్తున్న భార్యకు భత్యం లేదంటుంది. హిందూ వివాహ చట్టం 25వ సెక్షను ప్రకారం విడాకుల తర్వాత కూడా ఆమె శీలం తప్పినట్లు రుజువైతే భరణాన్ని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. కూలి డబ్బుకు ఎవరైనా శీలపరీక్ష పెడతారా? పెట్టరు. దయకు పెడతారు. షరతు వుండటమే అది దయ అని ఒప్పుకోలు.

4

ఐతే మన ప్రాంతం నుంచే ఈ దయాధర్మాన్ని హక్కుగా మార్చిన దావా ఒకటి నడిచింది. అది నెల్లూరు తులశమ్మ కేసు.

ఆమె భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో వుండగా చనిపోయాడు. 1944 అక్టోబరులో ఆమె కోర్టు ఫీజు కట్టలేని పేదరాలిగా మరిదిపై నెల్లూరు మునసబు కోర్టులో మనోవర్తి దావా వేసింది. డిక్రీ వచ్చింది. అమలు దశలో రాజీ కుదిరి, 1949 జులై 30న కోర్టు దాన్ని నమోదు చేసింది: కొంత ఆస్తి ఆమె బతికినన్నాళ్ళు అనుభవించవచ్చు, అమ్మే హక్కు లేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. 1960, 61లలో ఆమె ఆ ఆస్తిలో కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. మరిది మళ్ళీ దావా వేశాడు. మునసబు కోర్టు అతని పక్షం చెప్పింది, జిల్లా కోర్టు ఆమె పక్షం చెప్పింది, హైకోర్టు తిరిగి అతని పక్షం చెప్పింది. చివరకు 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమె పూర్తి హక్కుదారు అన్నది. భార్యకు మనోవర్తి హక్కు రాజీపత్రం వల్ల కొత్తగా పుట్టినది కాదు, అంతకుముందే వున్నది. ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి ఆమె సొంతమే - ఇదీ తీర్పు సారాంశం. మనోవర్తి దావా వేసినది మొదలు ఆ మాట వినటానికి ముప్పైరెండేళ్ళు పైగా పట్టింది.

తినటానికి ఇచ్చిన భూమి అమ్ముకోగల భూమి అయింది. ఇది చిన్న మార్పు కాదు. కాని ఈ విజయం విధవకు దక్కింది. భర్త బతికి వుండి విడిచిపెట్టిన స్త్రీకి ఈ దారి తెరుచుకోలేదు.

దీని పక్కన ఇంకొక తీర్పు పెట్టి చూద్దాము. 2021 జనవరి 5న రోడ్డు ప్రమాద పరిహారపు కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ప్రత్యేకంగా రాసిన అభిప్రాయంలో గృహిణి ఇంటి చాకిరీకి విలువ కట్టవలసిందేనని చెప్పారు. 2019 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తున్నారని ఆయన ఎత్తి చూపారు. గృహిణి పని చెయ్యదు అనే భావనే తప్పన్నారు. గొప్ప మాట. కాని ఆ లెక్క పనిచేసేది లారీ కింద పడి ఆమె చనిపోయినప్పుడు, లేదా వికలాంగురాలైనప్పుడు!

భర్త చస్తే భూమి మీద హక్కు పుడుతుంది. భార్య చస్తే ఆమె పనికి విలువ పుడుతుంది. ఇద్దరూ బతికివుండి విడిపోతే మాత్రం ఆమెకు మిగిలేది బత్తెం. మన న్యాయం ఈ మూడు ముక్కలను ఇంతవరకూ కలిపి కుట్టలేదు.

5

ఈ సమస్య మనకొక్కరికే లేదు. కెనడాలో ఆల్బెర్టా పశువుల కమతం మీద పాతికేళ్ళు గడ్డి కోసి, ట్రాక్టరు తోలి, పశువులకు టీకాలు వేసిన మర్డాక్ అనే స్త్రీ విడిపోయేటప్పుడు భూమిలో వాటా అడిగింది. రైతు భార్య ఎవరైనా చేసే పనే ఈమె చేసిందని, అందువల్ల వాటా రాదని 1973లో అక్కడి సుప్రీంకోర్టు అన్నది. బోరా లాస్కిన్ ఒక్కరే విభేదించారు. అందరు ఆడవాళ్ళూ చేస్తున్నారు గనుక విలువ లేదు - ఈ వాదం మన కౌంటరు పేరాలకు తోబుట్టువే. ఐతే కెనడా స్త్రీలు ఊరుకోలేదు. ఆ తీర్పు మీద లేచిన ఆందోళన ఫలితంగా కొద్ది ఏళ్ళలోనే రాష్ట్రాలు దాంపత్య ఆస్తి చట్టాలు మార్చుకోవలసి వచ్చింది.

సోవియట్ రష్యాలో 1926 కుటుంబ చట్టం కాపురకాలంలో సంపాదించిన ఆస్తి ఇద్దరిదీ అన్నది. ఆ చట్టం మీద చర్చలో రైతు ప్రతినిధులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ఒక కొడుకు భరణం కట్టాలంటే ఉమ్మడి కమతపు ఆవు, గుర్రం అమ్మాలి, తక్కినవాళ్ళు ఏమైపోవాలి అన్నారు. భూమి మా నాన్న పేరున వున్నదని మన ప్రాంతంలో వినిపించే జవాబుకు అది దగ్గరి చుట్టమే. ఉమ్మడి కమతం పని చేయించుకునేటప్పుడు కోడలిని తనలో కలుపుకుంటుంది, పంచేటప్పుడు పరాయిదాన్ని చేస్తుంది. విప్లవం వచ్చిన దేశంలో కూడా ఈ ముడి తేలికగా విడలేదని మనం మరచిపోరాదు.

మన దేశంలోనూ దారి బొత్తిగా లేకపోలేదు. గోవాలో పోర్చుగీసు కాలం నుంచి వస్తున్న పౌరస్మృతి దంపతుల ఆస్తిని సాధారణంగా ఉమ్మడిగా చూస్తుంది. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇప్పించే వివాహ చట్టాల సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభలో గట్టెక్కింది, 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో ఇల్లు నడిపిన భార్య శ్రమ కూడా వున్నదని చెప్పి వాటా ఇచ్చింది.

6

మన మిత్రులలోనే కొందరికి అభ్యంతరాలున్నాయి. మొదటిది: కౌలురైతే అప్పుల్లో చస్తుంటే, అతని నుంచి భార్యకు వాటా ఏమిటి? నిజమే. 2021-22లో నల్లతామర పురుగు మిరపను ఊడ్చేసింది. 2025లో ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. ఇటువంటి పంట మీద బతికే మనిషికి నెలనెలా ఇంత అని భరణం విధించటం, కట్టకపోతే జైలుకు పంపటం ఎవరి ఆకలీ తీర్చదు. కాని ఇది వాటాకు వ్యతిరేక వాదం కాదు, అనుకూల వాదం. భాగమంటే లాభంలోనూ నష్టంలోనూ భాగం. అప్పుకు ఆమె ఇప్పటికే భాగస్వామి - పుస్తెల తాడు బ్యాంకులో వున్నది ఎవరిది? నష్టంలో భాగముండి ఆస్తిలో లేకపోవటమే ఇప్పటి స్థితి.

రెండవది: ఆస్తిహక్కు కోసం పోరాడటం అభ్యుదయవాదుల పనా? ఎంగెల్స్ 1884లోనే కుటుంబం లోపల పనీ ఆస్తీ ఎట్లా విడిపోయాయో చూపాడు. మిల్లులో మిగులు శ్రమను గుర్తుపట్టే కన్ను కల్లంలో గుడ్డిదైతే అది సిద్ధాంతం కాదు, మొహమాటం. యజమాని కూలివానికి తిండి పెట్టాను గనుక జీతం ఎందుకు అంటే మనం ఊరుకోము. భర్త అదే మాట అంటే ఊరుకుంటున్నాము.

మూడవది: ఏమీ లేని కూలి దంపతుల మాట ఏమిటి? అక్కడ పంచటానికి ఆస్తి లేదు. అందుకే భరణం వద్దని నేను అనటం లేదు. పిల్లలతో నిలబడిన స్త్రీకి రేపటి గింజలు కావాలి. భరణం వుండాలి, తొందరగా రావాలి, శీలపరీక్ష లేకుండా రావాలి. ఐతే అది భాగానికి ప్రత్యామ్నాయం కారాదు.

7

చివరగా మన రచయితల సంగతి. చలం 'మైదానం' 1927లో రాజేశ్వరిని ఇల్లు దాటించింది. ఆ విడిచిన ఇల్లు ఒక ప్లీడరుది కావటం గమనార్హం. అటు తర్వాత మన కథలలో ఇల్లు విడిచిన స్త్రీలు ఎందరో వున్నారు. గడప దాటటంతో కథ ముగించటం మనకు అలవాటైంది. దాటిన మర్నాడు ఆమె ఏ వకీలు గుమాస్తా ముందు నిలబడింది, వాయిదాకు బస్సు చార్జీ ఎట్లా తెచ్చింది, ఆ రోజు కూలి ఎంత పోయింది - ఇవి రాసినవారు తక్కువ. విముక్తి మాట్లాడిన సాహిత్యం పాసు పుస్తకం తెరిచి చూడలేదు.

విద్యార్థులు, అధ్యాపకులు చేయగల పనులు వున్నాయి. వ్యవసాయ ప్రమాణ పత్రంలో ఎవరు ఏ పని ఎన్నేళ్ళు చేశారో చెప్పే గడి వుండాలని అడగవచ్చు. పాసు పుస్తకంలో, కౌలు కార్డులో భార్య పేరు చేర్చాలని ఊరూరా అడగవచ్చు. కాపురకాలంలో ఏర్పడిన ఆస్తిని ఇద్దరిదిగా పరిగణించే చట్టం కోసం, మురిగిపోయిన బిల్లును మళ్ళీ చర్చకు తేవచ్చు.

ఆ కుర్రవానికి నేను అప్పుడు చెప్పగలిగింది ఒకటే: మీ అమ్మను కూర్చోబెట్టి, పెళ్ళయిననాటి నుంచి ఏ ఏట ఏ చేలో ఏమి చేసిందో రాయి అన్నాను. వారం తర్వాత ఒక నోటుబుక్కు నింపి తెచ్చాడు. వకీలు దానితో ఏమి చెయ్యాలో తోచక పక్కన పెట్టాడు. ఆ నోటుబుక్కుకు కోర్టులో ఒక చోటు కల్పించటమే మన ముందున్న పని.